బెంచీ మీద నిద్రపోయిన మనిషి

సరోజా,

ఇవాళ నీ తద్దినం. పొద్దున్నే నీ ఫొటో ముందు దీపం పెట్టి, పాప మెడికల్ కాలేజీ అప్లికేషన్ ముందేసుకుని కూర్చుంది. సాయంత్రంలోగా పోస్టులో వేయాలని దాని తొందర. డాక్టరు వెంట ఉండి ఏం చూశావో రాయమన్నారట. వేసవి సెలవులంతా ఇక్కడే అల్ వక్రాలో నువ్వు నర్సుగా చేసిన క్లినిక్‌లోనే, ఆ ముసలి డాక్టరుగారి వెనకాల తిరిగిందిలే.

ముందు జబ్బుల పేర్లన్నీ రాసి కొట్టేసింది. తర్వాత కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ అరబ్బుల ఇంట్లో కారు నడిపే హౌస్ డ్రైవరు ఒకతని గురించి రాసింది. కడుపునొప్పని వచ్చి, ఏసీ చల్లదనానికి బెంచీ మీదే నిద్రపోయాడట. వంతు వచ్చినా డాక్టరు లేపనివ్వలేదట. కాళ్ళ మీద దుప్పటి కప్పించి, చివరి రోగి వెళ్ళాక పక్కన కూర్చుని, అతను కళ్ళు తెరిచేదాకా కిటికీలోంచి సముద్రం చూస్తూ ఉన్నారట.

"ఆ అలవాటు ఆయనది కాదే, మీ అమ్మది. దానికి తోటి నర్సుల చేత తిట్లు కూడా తినేది," అన్నాను. పాప నీ ఫొటో వైపు చూసింది. నువ్వు పోయేనాటికి దానికి నాలుగేళ్ళు.

భోజనం చేసి కుర్చీలో అలా కళ్ళు మూశాను. కలలో నువ్వు తెల్ల బూట్లు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో నడుస్తున్నావు. మెలకువ వచ్చేసరికి పొద్దుగూకి, మసీదులోంచి మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది. తెరలు దించి ఉన్నాయి. నా కాళ్ళ మీద దుప్పటి ఉంది. పాప పక్కనే నేలమీద కూర్చుంది, అప్లికేషన్ కవరు ఒళ్ళో పెట్టుకుని.

"పోస్టాఫీసు మూసేసుంటారు. లేపొద్దూ?" అన్నాను.

"రేపు వేద్దాంలే నాన్నా," అంది.