మణికట్టు మీద పిలుపు

ప్రత్తిపాడు,
ఫిబ్రవరి 18.

అమ్మకు నీ కూతురు నజ్మీన్ సలాములు చేసి రాస్తున్నది. ఇక్కడ నేను, నీ అల్లుడు, పాప హసీనా బాగున్నాం. పొదిలిలో నువ్వూ నాన్నా తమ్ముడూ చల్లగా ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. తమ్ముడు అబ్దుల్లా ఫోనుకు మెసేజ్ పెట్టొచ్చు గానీ, అది ఇంటిల్లిపాదీ చదువుతారు. ఇది నీకొక్కదానికే. ముందు నువ్వడిగినవి చెబుతాను. హసీనాకు ఎనిమిదో నెల. పాకుతోంది, కింద పళ్లు వచ్చాయి. నా మోకాలి నొప్పి తగ్గింది. మిరపకు ఆఖరి తడులు కదా, కాలిపోయిన బోరు మోటార్లు కొత్త తీగ చుట్టే రివైండింగు పనికి షాపుకు వరసగా వస్తున్నాయి. నీ అల్లుడికి అన్నం తినే తీరిక లేదు.

ఇక మూడు ఉత్తరాల నుంచి నువ్వడుగుతున్న మాట. "పాప ఏడిస్తే నీకు వినపడదు, రెండేళ్లు నిండేదాకా నా దగ్గరుంచు" అంటున్నావు. ఆరేళ్లప్పుడు జ్వరంతో నా చెవులు పోయిన దగ్గర్నుంచి నన్నెలా కాచుకున్నావో నాకు తెలుసు. కోపం లేదమ్మా. కానీ ముందు ఈ సంగతి చదువు.

తమ్ముడు ఇచ్చిన స్మార్ట్‌వాచీ ఉంది కదా. పాప పక్కన ఫోను పెడితే, పాప గొంతు దానికి వినపడగానే నా చేతి మీద వాచీ వణుకుతుంది. అయితే కుట్టుమిషను నడిచేటప్పుడు చేతులు రెండూ అదురుతూనే ఉంటాయి. అందులో ఆ చీమ పాకినంత వణుకు ఏం తెలుస్తుంది? అందుకని వాచీ విప్పాను.

నీ అల్లుడు షాపు నుంచి వచ్చేసరికి ముక్కలన్నీ చాప మీద ఉన్నాయి. "ఏం చేస్తన్నావే? అదేమన్నా బోరు మోటారనుకున్నావా? బ్యాటరీకి ఏదన్నా గుచ్చుకుంటే మండుద్ది!" అన్నారు. పెదవుల కదలికలోనే ఎంత గట్టిగా అరిచారో తెలిసింది. "అందుకే దాన్ని ముందే తీసి పక్కన పెట్టా" అన్నాను. కాసేపు చూసి, ఆయనా చాప మీద కూర్చున్నారు.

వాచీని వణికించే లోపలి మోటారు చొక్కా గుండీ అంతే ఉంది. మా పాత బటన్ ఫోనులోని మోటారుకు బలం ఎక్కువ, కానీ వాచీలో పట్టలేదు. అప్పుడు నా దర్జీ బుద్ధి పనిచేసింది. వెనక మూతకు బెజ్జం చేసి, వెంట్రుకల్లాంటి తీగలు రెండు బయటికి లాగాను. రబ్బరు పట్టీ తీసేసి గుడ్డ పట్టీ కుట్టాను. నాడి కొట్టుకునే చోట చిన్న జేబు పెట్టి, మోటారును అందులో కూర్చోబెట్టాను. టంకం ఆయన వేశారు. మూత బిగించేటప్పుడు తెరకు పోయే తీగ తెగి, తెర నల్లబడిపోయింది. ఇక టైము కనపడదు, తమ్ముడికి చెప్పకు. కానీ ఆయన ఫోను దగ్గరికి పోయి అరవగానే, ఎవరో చెయ్యి తట్టి పిలిచినట్టయింది. రోజుకు రెండుసార్లు ఛార్జింగు పెట్టాలి, నీళ్లు తగలకూడదు. అంతే.

అమ్మా, ఇదంతా ఎందుకు చేశానో ఇంకా రాయలేదు.

ఫొటోలో పాప కనుబొమ మీద మచ్చేమిటని అడిగావు. గోరు గీసుకుందని రాశాను. అది అబద్ధం. జనవరిలో ఒక మధ్యాహ్నం పాపను మంచం మీద పడుకోబెట్టి, అటు వీపు పెట్టి జాకెట్లు కుడుతున్నాను. అది దొర్లి కింద పడింది. చేతికి వాచీ ఉన్నా మిషను అదురులో దాని వణుకు తెలియలేదు. ఎంతసేపు ఏడ్చిందో నాకు తెలియదు. ఎదురింట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న వెంకటేశ్వరమ్మ పిన్ని పరుగెత్తుకొచ్చింది. చేతుల నిండా కారం కదా, వేళ్లు తగలకుండా మోచేతుల మధ్య పాపను ఎత్తుకుని నా ఎదుట నిలబడింది. పాప కంట్లోకి రక్తం కారుతోంది. "ఎప్పట్నుంచో ఏడుస్తందమ్మా! ఇంట్లో ఎవరూ లేరనుకున్నా" అంది పిన్ని. ఆ ఒక్క మాట పెదవుల మీద చదవలేకపోయినా బాగుండేది.

రెండు కుట్లు పడ్డాయి. నీకు తెలిస్తే బస్సెక్కి వచ్చి పాపను తీసుకుపోతావని దాచాను. తప్పే. ఇప్పుడు తెలిసింది కాబట్టి నన్ను తిట్టు. కానీ పాపను మాత్రం పంపను. వాచీ ఒక్కదాన్నే నమ్ముకోలేదులే. మంచం తీసేసి కింద పరుపు వేశాను, మిషను ఇటు తిప్పి పాప నాకెదురుగా ఉండేట్టు పెట్టాను. నువ్వే రా. పది రోజులుండి నీ కళ్లతో చూసుకో.

నిన్న సాయంత్రం రొట్టెలు చేస్తుంటే చేతి మీద తట్టింది. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. పిండి చేతులతోనే ఉరికాను. పాప ఏడవడం లేదు. నీ అల్లుడు టవల్ మొహానికి అడ్డం పెట్టుకుని తీస్తుంటే పొట్ట ఊగిపోయేలా నవ్వుతోంది. నన్ను చూసి ఆయన కంగారుపడి, "ఏం లేదు, నవ్వుతోందంతే" అన్నారు. ఆపొద్దన్నాను. గుమ్మంలోనే కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ నవ్వంతా చేతి మీదే విన్నాను.

ఇట్లు,
హసీనా వాళ్లమ్మ,
నీ నజ్మీన్.