నా పేరు మళ్ళీ రాయించిన

వాసంతీ,

పాలు కాచి మూత పెట్టిన. నల్లా వస్తే బిందెలు నింపు. మహిత పచ్చిపులుసుల కారం తక్కువెయ్యి, దానికి నోరు పూసింది.

నేను బొటానికల్ గార్డెన్‌ల అందరు కలిసి చెట్లు చూసుకుంట తిరిగే చెట్ల నడకల ఉంట. నిన్న ఆ నడకకు పేర్లు రాసుకునే మేడం ఫోన్ చేసి, "అమ్మా, మీ కోడలు మీ పేరు తీసెయ్యమన్నది, నిజమేనా?" అని అడిగింది. "మా అత్తకు కండ్లు కనబడయి, పడితే దవాఖాన చుట్టు ఎవరు తిరుగుతరు" అన్నవట. నీ బిడ్డ మహిత తలల పేలు చూడుమన్నప్పుడు నా కండ్లు మంచిగనే కనబడ్డయి గద? బడికి పోకుండనే అక్షరాలు నేర్చుకున్నదాన్ని, చెట్ల మీది పేర్లు నేనే చదువుకుంట. పేరు మళ్ళీ రాయించిన. ఇంకోసారి నా సంగతిల వేలు పెడితే ఊరుకోను.

నువ్వు లేస్తే ఎక్కడికని అడుగుతవు. గడప దాటేటప్పుడు ఆ మాట మంచిది కాదు. అందుకే నిన్ను లేపలే.

అత్త

ఇంకొకటి. మీ మామ ఆనాడు నా మీద కోపంతోని "పోయొస్త" అనకుండనే కాజీపేటల రైలెక్కిండు, మళ్ళీ రాలే. నీ మీద నాకు అంతకన్న ఎక్కువ కోపమున్నది. అయినా రాస్తున్న: పోయొస్త.