సునీతకు పంచిన మందు

కర్దనూర్,
ఆదివారం, చర్చి నుంచి వచ్చినంక

మేరక్కకు, బావకు, పిల్లలకు రూతు వందనాలు. ప్రభువు దయతోని లేచి తిరుగుతున్న, కడుపునిండ తింటున్న. మీ అందరి పానం ఎట్లున్నది? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చిన్నోడు ఏడ్వకుండ బడికి పోతున్నడా? ఫోన్ల అడిగితే నువ్వు "అందరం మంచిగున్నం" అంటవు, నేను గూడ గదే అంట, అయిపాయె. అందుకే రాస్తున్న. దవాఖానల ఫిజియో సారు గూడ దినాం ఒక పేజీ రాయమన్నడు, కాలిన చేతి వేళ్ళు బిగుసుకపోకుండ. అక్షరాలు కోడి గీకినట్లున్నయి, నవ్వకు.

ఇక్కడ ఒక్కటే వాన. టాంకర్లు తిరిగి తిరిగి రోడ్డంత గుంతలైనయి. వాన వెలిసినంక ఫ్యాక్టరీల దిక్కు నుంచి ఏందో వాసన వస్తది, కిటికీ తెరవనీయదు. మెస్సుల పప్పు నీళ్ళే, నీ చేతి పచ్చిపులుసు యాదికొస్తది. పనికి పోయిననాడు ఎప్పుడు రూముకొచ్చి పండుకుందునా అనుకుంటుంటి. ఇప్పుడు కూసోబెడితే కాలు నిలుస్తలేదు. కింద గేటు దాక పోత, మల్ల వస్త, మల్ల పోత. ఓనరమ్మ అడుగుతది, "ఏం పిల్లా, ఎవలన్న వచ్చేదున్నదా?" అని. నాకోసం ఎవలొస్తరక్కా!

సునీత సంగతి నీకెరికే. జోగిపేట దిక్కు పిల్ల, నా రూముల ఉంటది, నాతోనే డబ్బాలు కడిగే సెక్షన్ల పని. ఆవిరి పైపు జాయింటు ఊడిననాడు ఇద్దరం పక్కపక్కనే ఉంటిమి. నాకు కుడిచెయ్యి కాలింది, ఆమెకు ఎడమచెయ్యి. తొడ మీది తోలు తీసి అతికిచ్చిండ్రని చెప్పిన గద. చెప్పనిది ఒకటున్నది. ఇగ దాపెట్టుడు నాతోని కాదు.

అతికిచ్చినంక గూడ పుండ్లు మానలే. మానినట్లే మాని మల్ల పచ్చటి చీము పట్టుతుండె. అప్పుడు దవాఖానల డాక్టరమ్మ పిలిచింది. గిట్ల మొండికేసిన పుండ్లకు ఏ మందు మంచిగ పనిచేస్తదో చూస్తున్నం, మీకిష్టమైతే చేరుండ్రి, వద్దనిపిస్తే ఎప్పుడన్న మానుకోండ్రి అని కాయితం మొత్తం చదివి ఇనిపిచ్చింది. కొందరికి పాత మందు, కొందరికి కొత్తది. ట్యూబులన్నీ ఒక్క తీరే తెల్లగుంటయి, పైన ఉత్త నంబరు. ఎవలకు ఏది పోయిందో ఆమెకు గూడ తెల్వదట! "డాక్టరుకే తెల్వని మందేందే" అని సునీత రూముకొచ్చి పొట్ట పట్టుకొని నవ్వింది. ఎవల ట్యూబు వాళ్ళే వాడాలె, ఎవలకు ఇయ్యొద్దు అని సిస్టరు రెండుసార్లు చెప్పింది. ఇద్దరం తలకాయ ఊపినం.

పదిహేను దినాలల్ల నా చెయ్యి ఆరి గులాబి రంగు తోలు వచ్చింది. సునీతది తడితడిగనే ఉన్నది. పొద్దున పట్టి ఇప్పంగనే మొఖం అటు తిప్పుకుంటుండె. ఒకనాడు అన్నది, "నీకు కొత్త మందొచ్చింది, నాకు పాతది. నా నసీబే గింత." నువ్వైతే ఏం చేస్తవక్కా? ఇద్దరం ఒక్క గిన్నెల కూర తింటున్నం, ఒక్క సబ్బు రుద్దుకుంటున్నం, మందొక్కటి వేరా? అది వద్దు వద్దంటున్నా బలిమి చేసి నా ట్యూబు మూతి దాని పుండుకు ఆనిచ్చి పిండిన. మల్ల అదే ట్యూబు నా చేతికి. దినాం గదే.

వారానికి దాని పుండు జెర ఆరింది. డాక్టరమ్మ ఖుషీ అయ్యి, "చూడు సునీతా, నీ మందు పనిచేస్తుంది" అని రాసుకున్నది. పనిచేసింది ఆ మందో కాదో ఎవలకెరిక! రేపు ఇంకెవలో కాలిన చెయ్యి పట్టుకొని వస్తే, మా అబద్ధం చూసి మందిస్తరు గద. ఇగ ఆనాటి నుంచి నాకు సుకం లేదు. ప్రార్థనల కూసున్న అదే, అన్నం ముందట కూసున్న అదే. చెప్పేద్దామే అంటే సునీత, "నోరు ముయ్యి! పేర్లు కొట్టేస్తే డ్రెస్సింగు బందైతది, మన చేతులు ఎవలు చూస్తరు?" అన్నది. నాకూ భయమైంది, మూసుకున్న.

మొన్న సోమవారం నా పట్టి ఇప్పితే పచ్చ మరక. అదే పాడు వాసన. గోడకు తలకాయ కొట్టుకోవాలనిపిచ్చింది. సిస్టరు ఇద్దరి పుండ్ల నుంచి దూదిపుల్లతోని తడి తీసి పరీక్షకు పంపింది. శుక్రవారం డాక్టరమ్మ ఇద్దరిని కూసోబెట్టింది. ఇద్దరి పుండ్లల్ల కంటికి కనపడని ఒక్కతీరు పురుగే ఉన్నదట, ఏ మందుకు లొంగుతది, ఏ మందుకు లొంగదు అన్నది గూడ ఒక్కటే తీరట.

"రూతు చెయ్యి మానుతుండె. ఇది ఎట్ల అంటుకున్నది? నాకు కోపం లేదు. నిజం చెప్పండి" అన్నది.

నేను నోరు తెరిచేలోపల సునీత లేచింది. "మేడం, దొంగతనం చేసిన. రూతు తానానికి పోయినప్పుడు దాని ట్యూబు తీసి నా పుండుకు పెట్టుకున్న. దానికేం తెల్వది. నా పేరు కొట్టెయ్యుండ్రి, దానిది ఉంచుండ్రి."

అక్కా, నేను లేవలే. సిస్టరు పెన్ను మూత తీసింది. కాయితాలు తిప్పింది. సునీత నంబరు వెతికింది. చూసుకుంట కూసున్న. మనసుల ఏమున్నదో నీకొక్కదానికే చెప్తున్న: పోనీ, దానంతల అదే ఒప్పుకున్నది గద. దానిది ఎడమచెయ్యి, నాది కుడిచెయ్యి, నాకే ఎక్కువ అవసరం. గట్ల అనుకున్న నేను, ఆదివారం ఆదివారం ముందు బెంచీల కూసుండేదాన్ని! పెన్ను నంబరు మీద ఆనినంక లేచి, "లేదు మేడం, నేనే ఇచ్చిన, అది వద్దన్నా ఇచ్చిన" అన్న. ఏడుపాగలే.

డాక్టరమ్మ నీళ్ళ గ్లాసు ఇచ్చింది. "జరిగింది జరిగినట్లే రాస్తాం. మీ ఇద్దరి ఫలితాలు మిగతావాళ్ళతో కలపలేం. కానీ మీ వైద్యం ఆగదు, పుండ్లు మానేదాక మీరు నా పేషెంట్లే. ఆ రోజు కాయితంలో ఇది కూడా చదివాను కదమ్మా" అన్నది. చదివింది అక్కా. మేమే ఇనలే.

ఇప్పుడు ఇద్దరికీ సూదులు నడుస్తున్నయి. నా చెయ్యి మల్ల మొదటి కాడికొచ్చింది. వచ్చే నెల వస్త అంటిని, అయ్యేటట్లు లేదు. అమ్మకు మెల్లగ నువ్వే చెప్పు, భయపెట్టకు. మానుతది అన్నరు, జెర ఆలస్యమైతది అంతే. బావ ఇటు దిక్కు ఎప్పుడన్న వస్తే పచ్చజొన్న రొట్టెలు పంపు. పాస్టరయ్యకు, అమ్మమ్మకు, పెద్దలందరికి నా వందనాలు చెప్పు. చిన్నోనికి ముద్దులు.

ఇంకొక్క మాట. నిన్న డ్రెస్సింగు కాడ సునీత అందరికి చెప్తుండె, "మా రూతు నన్ను ఒక్కదాన్ని ఇడిసిపెట్టలే, నాకోసం ఎంటనే లేచి నిలబడ్డది" అని. నేను బయటికొచ్చి మెట్ల మీద కూసున్న. ఎంటనే లేవలేదని దానికి తెల్వది. రేపు పొద్దున చెప్పాలె. చెప్పినంక నా మొఖం చూస్తదో లేదో. చెయ్యి సంగతి డాక్టరమ్మ చూసుకుంటది. నువ్వు మాత్రం, రేపు నా నోరు జల్దీ లేవాలని ప్రార్థన చెయ్యి.

నీ దీవెనలు అడుగుతూ,
నీ చెల్లె
రూతు