చింతపండుతో తోమిన కాసులు

అమ్మా, రేపు బడి తెరుస్తారు, నేను మాచర్ల రైలుకి పోతన్నా. నువ్వు చర్చి నించి వచ్చేదాకా ఆగితే రైలు అందదు. పాలు కాచి ఉట్టి మీద పెట్టా. కిరసనాయిలు కార్డు బైబిల్లో ఉంది, ఇయ్యాలే తెచ్చుకో.

నాన్న పాత రాగి కాసులు చూసి కొనుక్కోడానికి మధ్యాహ్నం నరసరావుపేట నించి ప్లీడరు పేరయ్యగారు వస్తారు. కొండవీడు చేలల్లో దొరికినప్పటినించీ అవి ఇట్టా మెరుస్తన్నాయని మాత్రం అనబాక. ఆయన భూతద్దం పెట్టి చూస్తాడు. అంత పాత రాగి నల్లబడి ఉండాల. ఇవి కొత్త చెంబుల్లాగా ఎర్రగా ఉన్నాయి. బూడిద రాపిడికి పడ్డ సన్నగీతలు కనపడతన్నాయి. అక్షరాల సందుల్లో చింతపండు పీచు ఇంకా ఉంది. బెజ్జం ఉన్న కాసుని నాన్న సీసంతో పూడ్పించిన సంగతి కూడా నువ్వే ముందు చెప్పు. ప్లీడరుగారు కనిపెట్టాక చెబితే పోయిన మనిషికి మాటొస్తది. ఆయన వద్దంటే బతిమాలబాక.

నాన్న పోయిన నెలకి పెట్టుకున్న ప్రార్థన కూటానికి ఇల్లంతా మెరవాలని ఇత్తడి సామానుతో పాటు వీటినీ తోమావు. నాకు తెలుసు. నిన్న నేను అరిచింది వాటి ధర పోయిందని కాదమ్మా. రోజూ పొద్దున్నే వాటిని వేళ్ళతో రుద్దుకుంటా అరుగు మీద కూర్చునేవాడు గదా. పోయింది వాటిమీద ఉన్న నాన్న చెయ్యి.

దీనమ్మ

ఒక్క కాసు నాన్న ఆదివారం చొక్కా జేబులో ఉండిపోయింది. అది ఎవరికీ చూపించబాక. ఆ చొక్కా కూడా ఉతకబాక.