కోరింగ బోటులో నా అరుపు

ఏవండీ,

మీ సంవత్సరీకం అయిన మర్నాడే, మీ వ్యానులో కోరింగ మడ అడవులకు వెళ్లాం. మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు బిగించి, జగ్గయ్యపేట షెడ్డులో మీరు ఆరేళ్లు దాచిపెట్టిన వ్యానే. ఎప్పుడడిగినా "క్వారీలో పని కాస్త తగ్గనీవే" అన్నారు. పని తగ్గలేదు, మీరు పోయారు.

షెడ్డులోంచి తీయించి, నందిగామ నుంచి మన అమ్మాయే నడిపింది. బోటు ఎక్కగానే బోటతను చెప్పాడు: "నీటికుక్కలు కనపడతాయండి. చప్పుడైతే మునిగిపోతాయి, ఎవరూ అరవకండి."

ఫోనులో వీడియోలు పెట్టి మీరు నా ప్రాణం తీసింది ఆ నీటికుక్కల కోసమే కదా! సముద్రం దగ్గరి మలుపులో, బురద మీద ఐదు కనపడ్డాయి. ఒక చేప కోసం కొట్లాడుకుంటున్నాయి.

క్వారీ పేలుళ్లకు మీ చెవులు పోయాయి. మిషను పెట్టుకోమంటే నామోషీ అన్నారు. ముప్పై ఏళ్లు మీకు వినపడాలని అరిచి అరిచి నా గొంతు ఇలా తయారైంది.

"ఏవండీ! ఇటు చూడండీ!" అని అరిచేశాను.

ఐదూ బుడుంగున మునిగిపోయాయి.

"చెప్పారు కదండీ, అరవొద్దని!" అని ముందు సీటులోని పెద్దాయన కసురుకున్నాడు. అమ్మాయి తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది, ఆయన మీద కాదు, మీ మీద.

ఒక్క పిలుపుకు మీరెప్పుడూ తిరిగి చూడలేదు. రెండోసారి ఇంకా గట్టిగా పిలవడం నాకు అలవాటు. ఆ రెండో పిలుపు గొంతు దాకా వచ్చేసింది. కొంగు నోట్లో కుక్కుకుని, ఒడ్డు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.