వంటవాడు మాట్లాడడు

12 నవంబర్ 2009, గురువారం

ప్రియమైన లొరేటా అక్కకి,

తమ్ముడు వెండెల్ రాస్తున్నది. ఇక్కడ నేనూ అమ్మా కులాసాగానే ఉన్నాం. కొలంబస్‌లో నువ్వు కూడా ఒంట్లో బాగుండి రోజూ పనికి వెళ్తున్నావనుకుంటున్నా. ఇది ఫోన్ మెసేజే, ఉత్తరం కాదు. కానీ ఆదివారం బడిలో నేర్పిన పద్ధతి ఒక్కటే నాకొచ్చు, అందుకే ఇలా మొదలెట్టా. ముక్కలు ముక్కలుగా వస్తుంది, వరసగా చదువుకో. ఫోన్ చేస్తే నాకు గొంతు పెగలదు, నీకు తెలిసిందే కదా.

నువ్వు పుట్టినరోజుకి పంపిన డీవీడీల పెట్టె వచ్చింది. చిన్నప్పటి మన కార్టూన్, వంటవాడూ పీతా. అట్ట మీద పీత గరిటె పట్టుకుని నవ్వుతోంది, వెనకాల వంటవాడు మాడిపోయిన మొహంతో నిలబడ్డాడు. అమ్మ చూసి, "పదహారేళ్ల గాడిదకి బొమ్మల సినిమాలా? అది నిన్నింకా పాలసీసా పిల్లాడనే అనుకుంటోందా?" అంది. అంది గానీ నవ్వింది. నువ్వు గొడవపడి వెళ్లిపోయాక నీ మాటొస్తే అమ్మ నవ్వడం ఇదే మొదటిసారి.

ఇప్పుడు అసలు సంగతి. నాన్న జైలు నుంచి వచ్చేశాడు. బార్లో ఆ మనిషి పక్కటెముకలు విరగ్గొట్టినందుకు వేసిన శిక్ష అయిపోయింది. ప్రస్తుతం వర్జిల్ బాబాయి దగ్గరుంటున్నాడు. ఆదివారం మనింటికి భోజనానికి వస్తానన్నాడు. వస్తే ఇక ఉండిపోతాడు. అమ్మ నన్ను కూర్చోబెట్టి, "ఈ ఇంట్లో ఉండేది మనిద్దరం. నువ్వు సరే అంటే రమ్మంటాను, వద్దంటే వద్దు. బాగా ఆలోచించుకుని చెప్పు" అంది.

నాకైతే సరే అనాలనే ఉంది అక్కా. నీకు కోపం వస్తుందని తెలుసు. నాన్న అమ్మని కొట్టేవాడని నువ్వంటావు. అమ్మేమో, "దానికి మొదట్నుంచీ వాళ్ల నాన్నంటే గిట్టదు, గోరంత జరిగితే కొండంత చెప్పుద్ది" అంటుంది. నాకు గుర్తున్న నాన్న ఏట్లో నడుం లోతు నిలబడి నాకు గాలం వెయ్యడం నేర్పినాయన. ఇళ్ల పైకప్పులు వేసే పనిలో నన్ను కూడా పెట్టుకుంటానని వర్జిల్ బాబాయితో చెప్పాడంట. బడి మానేసినవాణ్ని, ఇంకెవడు పెట్టుకుంటాడు నన్ను?

ఎంత గుర్తు చేసుకుందామన్నా ఆ రోజుల్లోంచి నాకు బొమ్మలు తప్ప ఇంకేం రావు. మనం టీవీకి ముక్కులు ఆనించి కూర్చునేవాళ్లం. నువ్వు సౌండు గోడలదిరేలా పెంచేదానివి. పీత సూపు గిన్నెలో డైనమైటు వేసి మూతపెట్టేది. వంటవాడు రుచి చూద్దామని మూత తీసేవాడు. ఢాం. కళ్లు రెండు తెల్లగా, మిగతాదంతా బొగ్గు. వాణ్ని మాంసం మిషన్లో వేసి తిప్పితే సాసేజీల దండలా బయటికొచ్చి, ఆ దండే లేచి నిలబడి టోపీ పెట్టుకునేది. తర్వాతి సీన్లో మళ్లీ తెల్ల బట్టలు, ఒంటి మీద గీత కూడా ఉండదు.

అన్నింట్లోకీ నాకు ప్రాణం ఆ పెనం దెబ్బ. పీత అలమర ఎక్కి రెండు డెక్కలతో ఇనప పెనం ఎత్తి వాడి చెవి మీద ఒక్కటిస్తుంది. అప్పుడు వాడు సన్నటి ఆడగొంతుతో, "చాలు, పిల్లలు వింటారు" అంటాడు చూడు. బడిలో ఎవడు కింద పడ్డా, ఎవడికి బంతి తగిలినా నేను ఆ గొంతుతో అదే అనేవాణ్ని. క్లాసంతా పడీపడీ నవ్వేది. నేను నోరు తెరిచి నలుగురిని నవ్వించింది ఆ ఒక్క మాటతోనే.

ఆదివారం నువ్వూ రా. అమ్మ బీన్సూ, మొక్కజొన్న రొట్టే చేస్తుంది. అందరం కూర్చుని చూద్దాం.

ఉంటాను,
నీ వెండెల్


13 నవంబర్ 2009, శుక్రవారం

అక్కా,

నువ్వు క్షేమమే కదా. నిన్నటి మెసేజ్‌కి నువ్వేం రాయలేదు. కోపమొచ్చిందేమో. అయినా రాస్తున్నా. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పేది కాదు.

పొద్దున అమ్మ పనికెళ్లాక డీవీడీ పెట్టా. బొమ్మ ఎంత బాగుందంటే వంటవాడి మీసాల్లో వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. డైనమైటు వచ్చింది, మాంసం మిషన్ వచ్చింది, ఒక్కణ్నే అయినా పగలబడి నవ్వా. పెనం సీను వస్తోందని సోఫా అంచుకి జరిగి కూర్చున్నా. పీత పెనం ఎత్తింది. దించింది. బాకాలు మోగాయి. వాడి తల చుట్టూ నక్షత్రాలు తిరిగాయి. అంతే. వాడేమీ అనలేదు.

వెనక్కి తిప్పి చూశా. మళ్లీ చూశా. డీవీడీ చేసినోళ్లు ఆ మాట కోసేశారనుకున్నా. నీ మంచం కింద పెట్టెలో పాత టేపు ఉంది కదా, అది తెచ్చి పాత మిషన్‌కి రెండు గుద్దులు గుద్ది పెట్టా. బొమ్మ గీతలు గీతలుగా ఎగురుతోంది గానీ ఆడింది. అందులోనూ లేదు. అక్కా, ఆ వంటవాడు ఏ బొమ్మలోనూ మాట్లాడడు. పీతా మాట్లాడదు. ఉన్నదంతా బాజాలూ, దెబ్బల చప్పుళ్లే.

అప్పుడు గుర్తొచ్చింది. "ఎవరక్కా అన్నది?" అని నేను వంటింటి వైపు తల తిప్పబోతే నువ్వు నా గడ్డం పట్టుకుని టీవీ వైపుకి లాగి, "వంటవాడు అన్నాడ్రా, అటు చూడు" అన్నావు. నీ చెయ్యి వణుకుతోంది. నవ్వాపుకోలేక అనుకున్నా నేను.

మధ్యాహ్నం అమ్మ వచ్చి సోఫాలో కూర్చుని తువ్వాళ్లు మడతపెడుతోంది. నేనేమీ చెప్పకుండా ఆ బొమ్మే పెట్టి, టీవీ చూడకుండా అమ్మ మొహం చూశా. అమ్మ కూడా టీవీ చూడట్లేదు, మడతల మీదే ఉంది కళ్లు. పెనం లేవకముందే, ఆ బాజా మొదలవగానే అమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. భుజం చెవి దాకా లేచింది. అమ్మ మనతో కూర్చుని ఒక్కసారైనా ఆ బొమ్మలు చూసిందా? మరి దెబ్బ ఎక్కడ పడుతుందో అమ్మకెలా తెలుసు?

"అమ్మా, నీ ఎడమ చెవి నిజంగా జ్వరానికే పోయిందా?" అని అడిగా.

"ఎన్నిసార్లు చెప్పాల్రా, చిన్నప్పుడు వచ్చిన జ్వరం" అంది. చేతిలో తువ్వాలు పక్కన పెట్టి, "ఆ బాజా ఆపు ముందు" అంది.

ఆపేశా. ఆపి, నాన్న రావద్దని చెప్పా. ఎందుకని అమ్మ అడగలేదు. మిగిలిన తువ్వాళ్లన్నీ మడతపెట్టి, "అయితే ఆయనకి నువ్వే చెప్పు. నేను చెబితే నా మాట వినడు" అంది.

వర్జిల్ బాబాయి ఇంటికి ఫోన్ చేశా. నాన్నే ఎత్తి, "ఎవరూ?" అన్నాడు. "వెండెల్, నువ్వేనా? ఊపిరి వినపడుతోంది, మాట్లాడరా పిరికి నా కొడకా" అని నవ్వాడు. పెట్టేశా. తర్వాత బాబాయి ఫోన్‌కి మెసేజ్ కొట్టా. నాన్నా, నువ్వు మా ఇంటికి రావద్దు. అంతే కొట్టా.

నీ వెండెల్


15 నవంబర్ 2009, ఆదివారం
జిల్లా ఆసుపత్రి

ప్రియమైన అక్కకి,

వెండెల్ రాస్తున్నది. మేమందరం బాగున్నాం, నువ్వూ బాగుండాలి. నాన్న ఒకరోజు ముందే, నిన్ననే వచ్చేశాడు. మనిషి చాలా మారాడు, మెత్తబడ్డాడు. నేను ట్రక్కు బాగుచేయబోతే బానెట్ జారి దవడ మీద పడింది. పెద్ద దెబ్బేం కాదు. నాన్నే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకొచ్చాడు. మొన్న నేను రాసిందంతా మర్చిపో, చిన్నప్పటి సంగతులు ఎవరికి సరిగ్గా గుర్తుంటాయి. నాన్న ఇక మనింట్లోనే ఉంటాడు. నువ్వు పని మానుకుని పరిగెత్తుకు రావద్దు. అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ తమ్ముడు,
వెండెల్

తాజా కలం: పైదంతా అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే కొట్టా. ఇప్పుడు కాఫీ తెచ్చుకోడానికి కిందికెళ్లింది. బానెట్ లేదు, ఏం లేదు. నాన్న కొట్టాడు.

నిన్న నేను డీవీడీ చూస్తుంటే నాన్న లోపలికొచ్చి బాబాయి ఫోన్ నా మొహానికి పెట్టి, "ఇది నువ్వు కొట్టిందేనా? వేళ్లకున్న పొగరు నోటికి లేదేం? ఏదీ, నోటితో చెప్పు" అన్నాడు. ఆయన నా పక్కనే కూర్చుని బొమ్మ చూశాడు. వంటవాడి తల పొయ్యిలో ఇరుక్కుంటే నవ్వాడు, నా తొడ మీద చరిచి మరీ నవ్వాడు. "నా ఇంటికి నన్ను రావద్దంటాడంట" అని మళ్లీ నవ్వాడు. అప్పుడు నేను, "వెళ్లిపో నాన్నా" అన్నా. నోటితోనే అన్నా అక్కా.

నా జుట్టు పట్టుకుని టీవీ బల్ల అంచుకేసి కొట్టాడు. చప్పుడు నా తల లోపల్నుంచి వచ్చింది. నేను కింద పడితే ఛాతీ మీద మోకాలు పెట్టి పిడికిలితో కొట్టాడు, ఒకే చోట, మేకు దిగేదాకా కొట్టినట్టు. పళ్లు తివాచీ మీద పడ్డాయి. నోట్లో ఎముక కదలడం నాకే తెలుస్తోంది. అమ్మ వచ్చి ఆయన కాలరు పట్టుకుని లాగింది. ఆయన లేచి అమ్మ చెయ్యి పట్టుకుని మెలిపెట్టి గోడకేసి విసిరాడు. అమ్మ లేచింది. మళ్లీ విసిరాడు. ఈసారి లేవలేదు. టీవీలో బాజాలు మోగుతూనే ఉన్నాయి. నేను లేద్దామనుకుంటే కాళ్లూ చేతులూ నా మాట వినలేదు. చివరికి ఆయనకే ఆయాసం వచ్చి ఆపాడు. కుళాయి తిప్పి నీళ్లు తాగి, చేతులు కడుక్కుని, "వీడి మీద బానెట్ పడింది. పదండి" అన్నాడు. దారంతా రేడియో పెట్టుకున్నాడు.

దవడ రెండు చోట్ల విరిగింది, తీగలతో కట్టేశారు. నర్సు బానెట్ కథ నమ్మలేదు. ఆవిడ పిలిస్తే షెరీఫ్ ఆఫీసు పోలీసు వచ్చాడు, లావుపాటి ముసలాయన. "బాబూ, నాకు తొందరేం లేదు. బానెట్టేనా?" అని అడిగాడు. నేను తల అడ్డంగా ఊపి, ఈ పైన కొట్టిందంతా ఫోన్‌లో చూపించా. ఆయన చదివి, వరండాలోకి వెళ్లి ఎవరితోనో రేడియోలో మాట్లాడాడు. నాన్న కింద ట్రక్కులో కూర్చుని ఉన్నాడు.

అమ్మ రెండు కప్పులు పట్టుకుని వచ్చి, ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన నా ఫోన్ అమ్మకిచ్చి, "చదవండమ్మా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. అమ్మ నిలబడే చదివింది. చాలాసేపు చదివింది. నేను కళ్లు మూసుకున్నా, తిడుతుందనుకుని. "మీ అబ్బాయి రాసింది నిజమేనా?" అని ఆయన అడగడం వినపడింది.

కళ్లు తెరిచేసరికి ఫోన్ నా దుప్పటి మీద ఉంది. అక్కా, నువ్వు వచ్చెయ్. అమ్మ నా మంచం అంచున కూర్చుని స్వెటర్ చెయ్యి మోచేతి దాకా మడిచింది. అయిదు వేళ్లూ అచ్చు పడి నల్లగా ఉన్నాయి. "ఇది నిన్నటిది" అని ఆయనకి చూపించింది. ఇప్పుడు రెండో చెయ్యి మడుస్తోంది.