పాతిక బొమ్మలు, యాభై కళ్లు

ఆళ్లగడ్డ, ఆగస్టు 4

నంద్యాలలో బొమ్మలు గీసి ప్రింట్లు వేసే హేమలతకు, రాళ్లు చెక్కే లక్ష్మీనారాయణాచారి దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, నా ఉలీ క్షేమం. యాభై ఏళ్ల సుత్తి దెబ్బలకు చెవులు మాత్రం పోయాయి. ఫోన్ చేస్తే నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను అరిచేది వీధంతా వింటుంది. ఈ పని గుట్టుగా జరగాలి కాబట్టి ఉత్తరమే మేలు.

నా భార్య రామసుబ్బమ్మ బొమ్మ కావాలి. పెళ్లినాటి ఫోటో పెట్టాను, ఉన్నది ఇదొక్కటే. నా శిష్యులు పాతికమంది. అందరికీ ఆమె వండి పెట్టింది, జ్వరమొస్తే గంజి కాచి తాగించింది. పని నేర్పింది నేనే గానీ వాళ్లను నిలబెట్టింది ఆమె. సెప్టెంబరు పదిహేడున విశ్వకర్మ జయంతికి అందరూ వస్తారు. తలా ఒక బొమ్మ ఇవ్వాలి.

ఇట్లు,
లక్ష్మీనారాయణాచారి

తా.క.: రాతిలో ఎందుకు చేయలేదంటావేమో. ఆమెను రాతిలో చేయకూడదు. కారణం అడగొద్దు.

నంద్యాల, ఆగస్టు 9

పూజ్యులు ఆచారి గారికి, హేమలత నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం నా స్టూడియోను బతికించింది. స్టూడియో అంటే మా బట్టల కొట్టు మీద ఒక గది, ఒక ప్రింటరు, నేను. "దసరా లోపల ఒక్క పెద్ద పని తెచ్చుకో, ల్యాకుంటే కిందికి దిగి గల్లా కాడ కూచో" అని మా నాయన గడువు పెట్టాడు. మీ ఉత్తరం చూపిస్తే రెండుసార్లు చదివి, "ఈయప్ప ఎవురో పెద్దమనిషి" అన్నాడు. నాయన నా పని గురించి మంచి మాట అనడం ఇదే మొదలు. మీ మేలు మరిచిపోలేను.

అమ్మగారి గురించి చదివి ఏడుపొచ్చింది. ఆ తల్లి ఆత్మకు శాంతి కలగాలి. నమూనా ప్రింటు పంపుతున్నాను. కళ్లు ఇంకా వేయలేదు. మిగతా ముఖం చూసి చెప్పండి.

ఇట్లు, కృతజ్ఞతలతో,
హేమలత

తా.క.: బొమ్మకు దండ వేయాలా? బంతిపూలదా, గంధపుదా?

ఆళ్లగడ్డ, ఆగస్టు 16

అమ్మా హేమలతా, ఆశీస్సులు.

ముఖం అచ్చం ఆమెదే. అయితే నన్ను కదిలించింది అది కాదు, కళ్లు వేయకుండా వదిలావు చూడు, అది. విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివర, ముహూర్తం చూసి తెరవాలని నీకెవరు నేర్పారు? నా శిష్యుల్లోనే సగంమంది కళ్లు ముందే చెక్కేసి ఫోన్లో ఫోటోలు పెడతాండారు.

ముహూర్తం పెట్టించాను. సెప్టెంబరు 10, గురువారం ఉదయం 6.12 నుంచి 6.40 దాకా. తొలిచూపు ఘాటుగా ఉంటుంది, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. ముందు అద్దం చూపించాలి, తరువాత ఆవునూ దూడనూ. మీ గదికి మెట్లెన్ని? ఆవు ఎక్కగలదా? పాతిక బొమ్మలంటే యాభై కళ్లు. మీ మిషన్ అందుకుంటుందా?

శాంతి అని రాశావు. ఆమెకు శాంతి ఎక్కడిది తల్లీ, ఎప్పుడూ చుట్టూ పదిమంది.

ఇట్లు,
లక్ష్మీనారాయణాచారి

తా.క.: దండ వద్దే వద్దు. పూలు తగిలితే ఆమెకు తుమ్ములు.

నంద్యాల, ఆగస్టు 22

పూజ్యులు ఆచారి గారికి, హేమలత నమస్కారాలు.

మెట్లు పద్దెనిమిది. "ఆవు ఎక్కుతాదేమో గానీ దిగదు" అంటున్నాడు మా నాయన. అద్దాలకు కొదవలేదు, కింద చీరలు చూసుకునే నిలువుటద్దాలు ఉన్నాయి. ఒక్కో ప్రింటుకు ఆరు నిమిషాలు, కాబట్టి పదో తేదీ ముహూర్తంలో నాలుగు బొమ్మలు దాటవు. ఇవన్నీ ఎట్లాగో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది.

నేను ఏ నియమమూ పాటించలేదు. మీరు మెచ్చుకున్నారు గదా, ఊరుకుందాం అనుకున్నాను. అన్నం సహించలేదు. ఆ ఫోటోలో అమ్మగారు కళ్లు మూసుకున్నారు, ఫ్లాషుకేమో. ఆమె కళ్లు ఎట్లా ఉంటాయో నాకు తెలియదు. పదకొండుసార్లు ఊహించి గీశాను, పదకొండూ ఎవరెవరివో కళ్లు. "వాళ్లను నిలబెట్టింది ఆమె" అని మీరు రాసిన మాటను గోడకు అంటించుకున్నాను. అటువంటి మనిషికి ఎవరివో కళ్లు పెట్టి ఇవ్వలేను.

పని పోతే గల్లా దగ్గర కూర్చుంటాను. నమ్మి ఇచ్చినందుకు మాత్రం మీకు దండం. ఆమె పోలిక ఉన్న కూతురో చెల్లెలో ఉంటే ఒక్కసారి చూపించండి.

ఇట్లు,
హేమలత

తా.క.: రాతిలో చేయడానికి మీకు చేయి ఆడలేదని అర్థమైంది. అమ్మగారు పోయిన తారీఖు రాయండి, బొమ్మ కింద వేస్తాను.

ఆళ్లగడ్డ, ఆగస్టు 29

హేమలతకు, రామసుబ్బమ్మ రాసేది.

నేనింకా పోలేదమ్మా. తారీఖు అడిగినావు, నాకూ తెలియదు. తెలిసినాక చెప్పిస్తాను.

ఆయన శ్రీశైలంలో విగ్రహం నిలబెట్టను పోయినాడు, నీ జాబు నా చేతికొచ్చింది. ముందరి జాబు, కళ్లు లేని నా బొమ్మ ఆయన ఉలుల పెట్టెలో దొరికినాయి. చేయి ఆడక కాదు, బతికుండే మనిషిని రాతిలో చెక్కగూడదని ఈయన పట్టు. అందుకని నీ కాగితం వెతుక్కున్నాడు.

యాభై ఏళ్లలో కూర బాగుందని ఆయన నోట విననే లేదు. ఉప్పు తగ్గితే మాత్రం చెప్తాడు. "వాళ్లను నిలబెట్టింది ఆమె" అన్నాడని నీ జాబులో చదివి, పొయ్యి ఆర్పి ఆ ముక్క మళ్లీ మళ్లీ చదువుకున్నా. ఆ మాట నువ్వే నాకు చేర్చినావు. నీ రుణం ఉంచుకోను.

మూడో తేదీ నాకు నంద్యాలలోనే శుక్లం ఆపరేషన్. నల్లద్దాలు పదో తేదీ పొద్దున తీయమన్నారు. డాక్టరూ, ఈయనా మాట్లాడుకున్నది లేదు, ముహూర్తం మాత్రం ఒకటే పెట్టినారు. మొదటి బస్సుకు వచ్చి అద్దాలు మీ గదిలోనే తీస్తాను. ఎదురుగా ఎవరూ ఉండకూడదని ఈయన రాసే ఉంటాడు. నువ్వు ఎదురుగానే కూచో. తొలిచూపు నీ మీదే పడనీ. ముఖం ముడతలు పడిందిగానీ కళ్లు అవే, తీరిగ్గా చూసుకో. ఇన్నేళ్లలో నా కళ్లు ఎట్లుంటాయని అడిగిన మనిషివి నువ్వొక్కదానివే.

ఆయనకు మాత్రం చెప్పొద్దు. పదిహేడో తేదీ బొమ్మ చూసి ఆశ్చర్యపోవడం ఇప్పటినుంచే నేర్చుకుంటున్నా. మీ నాయనకు ఓళిగలు తెస్తా. ఆవును తేను. మెట్లు నేను ఎక్కుతా, దిగుతా కూడా.

ఇట్లు, ఇంకా ఉన్న
రామసుబ్బమ్మ

తా.క.: ఆ ఫోటోలో కళ్లు మూసుకున్నది ఫ్లాషుకు కాదు. పెళ్లిదండకు తుమ్మొచ్చింది. నువ్వడిగిన దండ ఇంకొన్నాళ్లు ఆగనీ.